తేదీ వేయని సీసా

అద్దాల బీరువాలోని సీసాలో నీళ్ళు మూడు వేళ్ళు తగ్గాయని గమనించిన దగ్గర్నుంచీ గడువుగారికి మనసు మనసులో లేదు.

మంచినీళ్ళ సీసాల ఫ్యాక్టరీలో గడువు తేదీలు కొట్టే యంత్రం దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. అసలు పేరు అక్కడే పోయి, 'గడువుగారు' మిగిలింది. భార్యది అదే ఫ్యాక్టరీలో ప్లాస్టిక్‌ని వేడిచేసి సీసాలుగా ఊదే విభాగం. పెళ్ళికి ముందు ఒక ఎండాకాలం మధ్యాహ్నం, తేదీ పడని సీసా ఒకటి ఆమె చేతిలో పెట్టి, "దీనికి గడువు లేదు. నా ప్రేమకీ అంతే" అని, సిగ్గేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. జీవితంలో ఆయన ఆడిన పనికొచ్చే మాట అదొక్కటే. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ సీసా చూసి, కథ విని వెళ్ళాల్సిందే.

ఇప్పుడా ప్రేమ మూడు వేళ్ళు దిగింది. సీసా బుగ్గలు కూడా పీక్కుపోయాయి. రేపు మనవరాలు వస్తుంది. దానికేం చూపించడం?

భార్య స్నానానికి వెళ్ళగానే జగ్గు పట్టుకుని రంగంలోకి దిగాడు. మూత తిప్పితే సీలు తెగింది. నీళ్ళు పోశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బుగ్గలు సరిచేద్దామని నొక్కాడు. సీసా ఫట్‌మని చిట్లింది. నీళ్ళు చొక్కా మీదికి, చొక్కా మీంచి సోఫాలోకి.

తల తుడుచుకుంటూ ఆవిడ వచ్చింది.

"ఏంటండీ ఆ తడి?"

"చెమట."

"సోఫాకి కూడా పట్టిందా?"

ఇక లాభం లేదని వీపు వెనక నుంచి సీసా తీశాడు. "ఇన్నేళ్ళూ మూతైనా తీయలేదు, నీళ్ళెలా తగ్గాయే? నీళ్ళు కూడా పాడవుతాయా?"

"నీళ్ళకేం రోగం? ఆ తేదీ సీసాకండీ. ఏళ్ళు గడిస్తే ప్లాస్టిక్‌లోంచి నీళ్ళు మెల్లగా ఆవిరైపోతాయి. ప్లాస్టిక్ వాసన నీళ్ళలోకి దిగుతుంది. ఉద్యోగమంతా తేదీలు కొట్టారు, ఎందుకో ఒక్కసారీ అడగలేదా?"

"కొట్టమన్నారు, కొట్టాను."

చిట్లిన సీసాను ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆ మధ్యాహ్నం నిజంగా జరిగిందనడానికి ఇంక సాక్ష్యం లేదనిపించింది.

ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుంది. "అంత ఇదైపోకండి. అది ఆ సీసా కాదు."

"మరి?"

"ఆ రోజు ఊదే యంత్రాల వేడికి నాలుక పిడచకట్టుకుపోయింది. మీరటు తిరగ్గానే తాగేశా. పెళ్ళయ్యాక, దాచావా అని అంత ఆశగా అడిగారు. కొట్లో మన ఫ్యాక్టరీదే ఒకటి కొని, స్పిరిట్‌తో తేదీ తుడిచేశా."

ఇన్నేళ్ళూ చుట్టాలందరికీ తను చూపించింది ఏమిటో తలుచుకుంటే కోపం రావాలి. రాలేదు. ఎండలో తల వెనక్కి వాల్చి గటగటా తాగుతున్న అమ్మాయి కనిపించింది. ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే చూసేవాడు.

"పోనీ, ఎలా ఉన్నాయే ఆ నీళ్ళు?"

"వేడి, పైగా ప్లాస్టిక్ కంపు" అంది ఆవిడ, తువ్వాలు ఆయన మీదికి విసిరి. "అయినా చుక్క మిగల్చలేదు."