అనుమానితులకు శాలువా

ఇకపై జిల్లాలో ‘దొంగ’ అన్న మాట వినపడదని వినియోగదారుల గౌరవ పరిరక్షణ సంఘం చైర్మన్ హెబ్రోను గారు మైకులో ప్రకటించారు. దొంగలు ఉండరని కాదు, ఆ మాట వినపడదని. ఆ దూరదృష్టికి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కందిపప్పు కోసం సూపర్ మార్కెట్‌కు వచ్చి మీటింగులో ఇరుక్కుపోయాను.

పాలసీ చాలా సులువు. గేటు మిషన్ బీప్‌మంటే సెక్యూరిటీ గార్డు అరవకూడదు, చెయ్యి పట్టుకోకూడదు. నమస్కారం పెట్టి శాలువా కప్పాలి. కప్పుతున్నట్టే కప్పి నడుము తడమాలి. దొరికింది తీసుకుని, ఫొటో దిగి, శాలువా మడిచి దాచుకోవాలి. బీప్ రానిదే ఎవరినీ ఆపకూడదు, అది అవమానం. ఉన్నది ఒక్కటే శాలువా, అదీ షాపు ర్యాకులోంచి తీసిందే.

ఈ భారమంతా గార్డు మౌలా మీద పడింది. “కస్టమరు బాధపడినా, సరుకు బయటికి పోయినా నీ ఉద్యోగం ఉండదు అన్నా” అని మేనేజర్ అనూష ముందే చెప్పేసింది. ఇద్దరు పిల్లల తండ్రి, పాపం, పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

తొలి సన్మానం చిట్టమూరు నాగులమ్మకు దక్కింది. రెండు కొబ్బరినూనె సీసాలు బయటపడ్డాయి. ఆమె తొణకలేదు.

“నాలుగు మాటలు మాట్లాడమంటారా?” అంది. మాట్లాడింది కూడా.

అది చూసి ముగ్గురు పెద్దమనుషులు గబగబా లోపలికి పోయి జేబుల్లో సబ్బులు వేసుకొచ్చారు. వాళ్లకూ సన్మానాలు జరిగాయి. చైర్మన్ గారి ముఖం మాడిపోయింది.

“ఏం మౌలా, అందరికీ కప్పినావే. నాకేదీ?”

“మీ మీద అనుమానం లేదు సార్.”

“ఎందుకు లేదు? నేనేమన్నా తక్కువోడినా?”

అనూష కళ్లతో సైగ చేసింది. మౌలా కప్పాడు. కప్పిన శాలువా తిరిగిచ్చే అలవాటు నాయకులకు ఉండదు. ఆయన దాంతోనే గేటులోకి అడుగు పెట్టారు.

బీప్.

శాలువాకు షాపు ట్యాగు ఉందని మౌలాకు అప్పుడు గుర్తొచ్చింది. పాలసీ ప్రకారం నమస్కారం పెట్టి, ఆయన మీది శాలువానే తీసి మళ్లీ కప్పాడు. ఆయన కదిలారు. బీప్. మళ్లీ సన్మానం. ఐదోసారికి ఫొటోగ్రాఫరు కుర్చీ తెచ్చుకున్నాడు. ఏడోసారికి మా అరచేతులు ఎర్రబడ్డాయి.

“శాలువా ఈడ పెట్టి పోతే సరిపోద్ది సార్” అన్నాడు మౌలా మెల్లగా.

“ఇచ్చిన గౌరవం వదులుకుంటానా? పెద్దమనుషుల్ని చూసి అరిచేది ఆ మిషను. విచారణ దాని మీద జరగాల.”

మాట పూర్తయ్యేలోపే అనుచరులు ప్లగ్గు పీకి, గేటును రెండు ముక్కలుగా విప్పి, ఆయన బండిలోకి ఎక్కించారు. ఇంత వేగంగా విచారణ మొదలవడం నేనెక్కడా చూడలేదు. బండి కోవూరు రోడ్డెక్కింది.

అనూష పరుగెత్తుకొచ్చింది. “గేటుకు గేటే పోతుంటే చూస్తా నిలబడినావా అన్నా? నీ ఉద్యోగం పోయినట్టే.”

మౌలా టోపీ సర్దుకున్నాడు.

“బీప్ రాలేదు మేడమ్. నేనెట్ట ఆపేది?”