సాల్మియాలో నిరంతర న్యాయవిద్య

గోదావరి తీర న్యాయవాదుల వికాస సమాఖ్య తన సభ్యుల విజ్ఞానాభివృద్ధి నిమిత్తం 2009 ఫిబ్రవరిలో కువైట్‌లో రెండు రోజుల సదస్సు జరిపింది. ఆ సదస్సు దిగ్విజయమైందని అధ్యక్షులు కుక్కుటేశ్వరరావుగారే స్వయంగా ప్రకటించారు కనుక మనం సందేహించనక్కరలేదు.

పట్టా చేతికొచ్చాక లాయరు పుస్తకం ముట్టడన్న అపవాదు ఒకటి లోకంలో ఉంది. దాన్ని తుడిచేయడానికి సమాఖ్య ఒక నిబంధన పెట్టుకుంది. ప్రతి సభ్యుడూ ఏటా కొన్ని క్రెడిట్ల మేర చదువుకోవాలి. సొంత ఊళ్లో ఒక గంట ఉపన్యాసం వింటే ఒక క్రెడిట్. అదే ఉపన్యాసం సముద్రం దాటి వింటే మూడు. క్రెడిట్లు చాలనివారికి సమాఖ్య ఎన్నికల్లో ఓటు లేదు. ఈ తీర్మానం జరిగిన వారంలోనే పదకొండు మంది పాస్‌పోర్టులకు అర్జీ పెట్టారంటే వారి విద్యాతృష్ణ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

సదస్సు అంశం: గల్ఫ్ వలస కార్మికుల హక్కులు. మొదటి రోజు నగరానికి దూరంగా ఉన్న వఫ్రా తోటల్లో కూలీల స్థితిగతుల అధ్యయనం. బయట దుమ్ము రేగుతుండడం వల్ల అధ్యయనం బస్సు అద్దాల్లోంచే జరిగింది. తిరుగు దారిలో రోడ్డు పక్కన కీరదోసకాయలు అమ్ముతున్న బంగ్లాదేశీయుడితో సభ్యులు చాలాసేపు బేరమాడారు. దాన్ని కార్మికులతో ముఖాముఖిగా నమోదు చేసుకున్నారు.

రెండో రోజు గురువారం, నగరం పక్కనే ఉన్న సాల్మియాలో ఒక హోటల్ మేడ మీద తరగతులు. బస్సు డ్రైవరు అల్లాబకష్‌ది రాయచోటి. హక్కులు, హక్కులు అన్న మాట రెండు రోజులుగా వెనక సీట్లలోంచి వింటున్నాడు కాబట్టి అతనికి ఒక అమాయకమైన ఆలోచన కలిగింది. హోటల్ వెనక వీధిలో ఒక ఇంట్లో పనిచేసే, అతనికి ముఖపరిచయమున్న సత్యలక్ష్మి రొట్టెల కోసం దుకాణానికి వస్తే, ఆమెకు చెప్పాడు.

“అక్కా, మీ పక్కనించి లాయర్లు వచ్చినారు. పదకొండు మంది. ఒగడన్నా పనికి రాకుండా పోతాడా?”

సత్యలక్ష్మిది మలికిపురం దగ్గర పల్లె. వంట పనికని రెండేళ్ల ఒప్పందం మీద వచ్చింది. మూడో ఏడు నడుస్తోంది. ఇంటి యజమానురాలు (అక్కడ ‘మామా’ అని పిలవాలి) ఆమె పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకుని, వంట పనొకటే చాలదన్నట్టు, తన చెల్లెలి ఇంట్లో చాకిరీకి కూడా పంపుతోంది. ఇంటికి పంపమని ఎప్పుడడిగినా ‘బుక్రా’ అంటుంది. రేపు అని అర్థం. ఊళ్లో ఉన్న నాలుగేళ్ల కొడుకు మొన్న ఫోన్లో ఆమెను ‘ఆంటీ’ అన్నాడు. ఆ రాత్రి నుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు. అందుకే ఖుబ్బూస్ రొట్టెల పొట్లం చేత్తో పట్టుకునే మేడ మెట్లెక్కింది.

కుక్కుటేశ్వరరావుగారి ఆనందానికి అవధులు లేవు. “సోదర న్యాయవాదులారా! పుస్తకం మన దగ్గరికే నడిచొచ్చింది! అమ్మా, కూర్చో. నీ వెనక చట్టం ఉంది.”

సత్యలక్ష్మి వెనక్కి చూసింది. ఏసీ మిషను ఉంది.

మొదటి తరగతి ‘క్లయింటు మాట ఆలకించుట’. ఆమె చెప్పుకొచ్చింది. కొడుకు సంగతి దగ్గరికి వచ్చింది. ఆ సమయానికే గంట పూర్తయింది. ఆలకించడం అయిపోయిందని అధ్యక్షులు ప్రకటించారు. రెండో తరగతి ‘క్లయింటు గోప్యత’. ఆమె విషయం గోప్యంగా చర్చించాలి కనుక ఆమెను మెట్ల మీద కూర్చోమన్నారు. మూడోది ‘వృత్తి నైతికత’. ఈ దేశంలో లైసెన్సు లేని న్యాయవాది ఈమెకు సలహా ఇవ్వడం అనైతికమని, ఏమీ చేయకపోవడమే ఉన్నత విలువ అని సభ ఏకగ్రీవంగా తేల్చింది. నైతికతకు క్రెడిట్లు రెట్టింపు.

ఆమెను లోపలికి పిలిచి ఆ సంగతి తెలియజేశారు.

“అయితే నేనేం జెయ్యాలండి?” అని అడిగింది సత్యలక్ష్మి.

“నువ్వు చేయవలసింది చేసేశావమ్మా” అన్నారు అధ్యక్షులు, ఫొటో కోసం ఆమె పక్కకు జరుగుతూ.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. పక్కింట్లో పనిచేసే బేబి గొంతు గది మొత్తానికి వినపడింది. “ఎక్కడున్నావే? రొట్టెలకెల్లి ఇంతసేపా? నువ్వు పారిపోయావని మీ మామా టేషన్‌కెల్లి కేసెట్టేసింది. ఇటు రాకు, పట్టుకుంటారు!”

సత్యలక్ష్మి నేల మీద కూలబడింది. కుక్కుటేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. “మిత్రులారా, సువర్ణావకాశం! భోజనానంతరం ‘పరారీ కేసు: న్యాయకోణాలు’ అనే అంశాన్ని అదనంగా చేర్చుతున్నాను.”

“సార్,” అని వెనక నుంచి మండపేట లాయరు విజయదుర్గ లేచింది. అందరిలోకీ చిన్నది. “మనం పొద్దున్నే పంపించేసి ఉంటే ఈవిడ మీద కేసే ఉండేది కాదు.”

“చక్కటి పాయింటు. అదీ చర్చిద్దాం.”

“చర్చ కాదు సార్. ఎంబసీలో ఇలాంటి ఆడవాళ్లకి ఆశ్రయం ఇస్తారట. బస్సు కిందే ఉంది.”

“బస్సు మూడింటికి షాపింగ్ మాల్‌కి కేటాయించబడింది, విజయదుర్గగారూ.”

విజయదుర్గ కిందకు వంగి, సత్యలక్ష్మి చెయ్యి పట్టుకుని లేపింది. మెట్లు దిగి వస్తున్న ఇద్దరినీ చూడగానే అల్లాబకష్ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

“ఎంబసీకేనా మేడమ్? ఎక్కండి, యల్లా, పోదాం. నన్ను పనిలోంచి తీస్తే తీస్తారు, పోనీ. పిలిచింది నేనే కదా.”

దారిలో సత్యలక్ష్మి కిటికీకి దూరంగా ముడుచుకుని కూర్చుంది. “మీకేవో మార్కులు పోతాయంటగదండీ?”

“పోనివ్వండి. మీరు పొద్దున్నించీ ఏమైనా తిన్నారా?”

లేదని తల ఊపింది. ఇంత గొడవలోనూ పొట్లం చేతిలోనే ఉంది. ముగ్గురూ ఆ ఖుబ్బూస్ తుంచుకుని తిన్నారు. మామా ఇంటి రొట్టె అంత మెత్తగా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఎంబసీ వారి ఆశ్రయంలో ఆమె కొన్ని వారాలుంది. పరారీ కేసు తెగడానికి అంత కాలం పట్టింది. విజయదుర్గ ఊరికి వెళ్లాక కూడా ఫోన్లు చేస్తూనే ఉంది. చివరికి పాస్‌పోర్టు బదులు ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ మీద సత్యలక్ష్మి ఇల్లు చేరింది. కొడుకు మొదటి రోజు దగ్గరికి రాలేదు. రెండో రోజు వచ్చి ఒళ్లో కూర్చున్నాడు.

సమాఖ్య రికార్డుల్లో ఈ విజయం కుక్కుటేశ్వరరావుగారి పేరిట ఉంది. భోజనానంతర తరగతికి గైర్హాజరైన విజయదుర్గకు క్రెడిట్లు చాలక ఓటు పోయింది.

వేసవిలో రాజమండ్రిలో అభినందన సభ జరిగింది. హాలు కిటకిటలాడింది. కుక్కుటేశ్వరరావుగారికి శాలువా, సత్యలక్ష్మికి చీర. ఆ శాలువా, చీర, మధ్యాహ్నం విందు అన్నీ వేదిక మీదే ఉన్న ముఖ్య అతిథి, గల్ఫ్ ఉద్యోగాల ఏజెంటు రమేష్‌బాబుగారి సౌజన్యం.

సత్యలక్ష్మిని రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు పట్టుకుని ముఖ్య అతిథి వైపు తిరిగింది.

“నన్ను కువైట్ పంపింది ఈ బాబుగారేనండి.”

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. రమేష్‌బాబుగారు లేచి నమస్కరించారు. “వంట పనొకటే అని చెప్పి...” అంటోంది ఆమె. “వినండి, చెప్పనివ్వండి!” అని విజయదుర్గ ఒక్కతే అరిచింది. సభామర్యాద తెలియనిదని వాలంటీర్లు ఆమెను కూర్చోబెట్టారు. సత్యలక్ష్మి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. వెనక వరసలో ఉన్న వాళ్లం, అంటే మీరూ నేనూ, చప్పట్లు కొడుతూనే లేచి బయటికి నడిచాం. ఆలస్యమైతే విందు మొదటి పంక్తిలో చోటు దొరకదు.