మాస్టారి నెత్తి మీద జుట్టు

పెళ్లయిన ముప్పై ఏళ్ల తర్వాత, 2005 మార్చిలో ఒక బుధవారం పొద్దున, రత్నమణి తన భర్త నెత్తి మీద జుట్టు కనిపెట్టింది!

భర్త వరప్రసాదరావు మాస్టారు అప్పటికే పెనుగంచిప్రోలు బడికి ఆటో ఎక్కేశారు. తల ఆయనతోనే వెళ్లింది. జుట్టు మాత్రం జగ్గయ్యపేటలో, ఇంట్లో, కుట్టుమిషన్ మీద పరిచిన గుడ్డ మీద నిగనిగలాడుతోంది. ఎడమవైపు పాపిడి కూడా ఉంది!

ఇందులో కంగారేముంది? కంప్యూటర్ వచ్చాక మన ప్రాంతానికి జరిగిన మేలు ఎరగనివాళ్లే కంగారుపడతారు. గరికపాడు చెక్‌పోస్టు దాటని పెళ్లికొడుకు ఇవాళ ఆల్బమ్‌లో మంచుకొండల ముందు నిలబడుతున్నాడా, లేదా? వేసవిలో నిప్పులు చెరిగే ఊరికి ఇంతకన్నా చల్లటి ఉపకారం ఎవరు చేశారు? టోకు వ్యాపారి అచ్చయ్యగారి షష్టిపూర్తి ఫ్లెక్సీ చూసి, ఆయన్ని కొడుక్కి తమ్ముడనుకుని ఒక సంబంధం వచ్చింది. బ్రహ్మయ్య శ్రద్ధాంజలి బ్యానర్‌లో ఎంత కళగా ఉన్నాడంటే, ఒకప్పుడు పిల్లనివ్వనన్న మేనమామ దానికింద నిలబడి "తొందరపడ్డానేమో" అన్నాడట!

దేవుడు హడావుడిలో సగంలో వదిలేసిన పనుల్ని మౌస్‌తో పూర్తిచేస్తుంటే వద్దంటామా?

రత్నమణి వద్దంది.

శనివారం మాస్టారి రిటైర్మెంట్ సన్మానం. వేదిక వెనక కట్టడానికి ఆమె నాలుగు నెలలుగా ఆరడుగుల తెర తయారుచేస్తోంది. గుడ్డకి పటిక పట్టించి, దానిమ్మ తొక్కు, కరక్కాయ, ఉల్లిపొట్టు ఉడకబెట్టిన నీళ్లలో స్వయంగా ముంచి రంగులద్దింది. రంగురంగుల ముక్కల్ని అతికి కుట్టింది. మధ్యలో మూరెడు ముక్క మీద మాస్టారి ఫొటో రావాలి. ఆ ముక్కనీ ఫొటోనీ తనే నందిగామ స్టూడియోలో ఇచ్చి వచ్చింది. అక్కడ ఫొటోని కంప్యూటర్‌లో పెట్టి, ప్రత్యేకమైన కాగితం మీద ప్రింటు తీసి, వేడి ప్రెస్సుతో గుడ్డకి ఎక్కిస్తారు. ఫొటోలో నల్లగా ఉన్నచోట ఇంకు పడుతుంది. తెల్లగా ఉన్నచోట గుడ్డ రంగే కనిపిస్తుంది.

మాస్టారి ఫొటోలో అన్నిటికన్నా తెల్లగా మెరిసేది ఏమిటో చెప్పక్కర్లేదు కదా!

సరిగ్గా ఆ చోటికి వచ్చేలా ఆమె ఒక రంగు సాధించింది. పొద్దుటెండ పడ్డ ఇత్తడి చెంబులాంటి రంగు. ఏడుసార్లు ముంచినా కుదరనిది ఎనిమిదోసారి కుదిరింది. అలాంటి ముక్క మళ్లీ రాదు. ఇప్పుడు స్టూడియో నుంచి తిరిగొచ్చేసరికి దానిమీద జుట్టు మొలిచింది.

పక్కింటి పుష్పవతి తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది. "వదినా, ఈయనెవరో భలే ఉన్నారే! ఈ చుట్టరికం ముందే చెప్పలేదేం?"

"ఊరుకోవే, ఒళ్లు మండుతోంది" అని రత్నమణి గుడ్డ చుట్టి సంచిలో కుక్కి నందిగామ బస్సెక్కింది.

స్టూడియో నాగసాయి ఆమెని చూడగానే మౌస్ వదిలేసి లేచి నిలబడ్డాడు.

"ఈ జుట్టు ఎవరు పెట్టారు?"

"నేనేనండి. కానీ పెట్టించింది నేను కాదండి."

"మరెవరు?"

"చెప్పనని మాటిచ్చానండి. ఆదివారం మధ్యాహ్నం ఒకాయన వచ్చారు. టోపీ పెట్టుకున్నారు."

"టోపీ తీశాడా?"

"తీశారండి. తీశాకే నాకు విషయం అర్థమైంది."

"పాపిడి నువ్వే ఎంచావా?"

"లేదండి. మూడు రకాలు చూపించా. ఆయన అద్దం అడిగి తీసుకుని మరీ చూసుకున్నారు."

రత్నమణికి ఇంకో సాక్షి అవసరం లేకపోయింది.

సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చేసరికి, ఆ ముక్క మధ్యలో కుట్టిన తెర గోడకి వేలాడుతోంది. ఆయన గుమ్మంలోనే టోపీ తీశారు. గోడ మీద ఒక వరప్రసాదరావు, గుమ్మంలో ఒక వరప్రసాదరావు. ఇద్దరికీ పోలిక కళ్లజోడు ఒక్కటే.

"బాగుందే!" అన్నారు, ఎటో చూస్తూ.

"ఏమండీ, ఇక్కడి రంగు కోసం గుడ్డని ఎనిమిదిసార్లు ముంచా. మీ నెత్తి మీద వెలుగు పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. రోజూ పొద్దున్నే మీరు కిటికీ దగ్గర పేపర్ చదువుతుంటే చూస్తా గదా. ఆ వెలుగు కోసమే ఈ తెర మొత్తం. చుట్టూ ఉన్నదంతా దానికి అంచు. దాన్నే నల్లగా పూసి పారేశారు. ఎవరు చేశారో తెలిస్తే చెప్పండి."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. బట్టతల తడుముకున్నారు.

"నేనే చేయించా మణీ. కోప్పడకు. పోయిన నెల బళ్లో టెన్త్ క్లాసు గ్రూప్ ఫొటో వచ్చింది చూడు, అందులో పిల్లలందర్నీ తెల్లగా చేశారు. టీచర్లందరికీ జుట్టు నల్లగా చేశారు. ఎందుకో నన్నొక్కణ్ణీ ఉన్నట్టే వదిలేశారు. పిల్లలు ఫొటో చూసి, 'సార్, మన ఫొటోలో ఈ ముసలాయన ఎవరు సార్?' అని నన్నే అడిగారు. ముప్పైమూడేళ్లు పాఠం చెప్పా. ఉన్నది ఉన్నట్టుగా ఉంటే శనివారం ఎవరూ గుర్తుపట్టరేమోనని భయమేసింది. గుర్తుపట్టే మనిషి ఇంట్లోనే ఉందని తెలిస్తే నందిగామ దాకా వెళ్లేవాణ్ణే కాదు."