మార్కండేయులి నడుం మీద ఎవరి కాలు పడాలి?

నడుం నొప్పి లేని మగవాడికి సంఘంలో మర్యాద లేదు! కోప్పడకండి, కాస్త ఆలోచించండి. నడుం బాగున్నవాణ్ణి ఎవరు పలకరిస్తారు? పని చెప్పేవాళ్లే గాని, ఎలా ఉన్నావని అడిగే నాథుడున్నాడా? అదే ఒక్కసారి నడుం పట్టేసిందనండి, వీధి వీధంతా మీ అరుగు మీదే ఉంటుంది.

మంగళగిరిలో మార్కండేయులికి ఈ భాగ్యం యుద్ధం రోజుల్లో పట్టింది. పట్టి ఏడాదిపాటు వదల్లేదు. అంతకుముందు అతనొక మామూలు నేతగాడు. మగ్గం గుంటలో కాళ్లు దించి, కాలికింది చెక్కలు మార్చి మార్చి తొక్కుతూ చీరలు నేసేవాడు. చీర అంచు మెచ్చుకున్నవాళ్లున్నారు గాని, అతని మొహం చూసినవాళ్లు లేరు. నడుం పట్టాక పెద్దమనిషైపోయాడు.

భార్య పున్నమ్మ మాత్రం మొదటిరోజే ఒక మాట అంది. "ముందు ఆ కుడి అరికాలి ఆనెకాయ సంగతి చూడండి. అది గుచ్చుకుంటోందని ఎడమపక్కకి ఒరిగి తొక్కుతున్నారు. ఏడాది పొడుగునా వంకరగా కూర్చుంటే నడుం ఏమవుతుంది?"

చూశారా ఆడవాళ్ల తెలివి! నొప్పి నడుంలో ఉంటే అరికాలు చూడాలట! బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే గదా! మార్కండేయులు నవ్వబోయాడు గాని, నవ్వితే నడుం కలుక్కుమంది.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. వెల్లుల్లి నూనె అన్నవాడు ఒకడు, ఇటుక కాపడం అన్నవాడు ఇంకొకడు. వావిలాకు నీళ్లు కాచి కాచి పున్నమ్మ కళ్లు పొగచూరిపోయాయి. ఆఖరికి బెజవాడ తీసుకెళ్లి ఒక పెద్ద డాక్టరుగారికి చూపించారు. ఆయన నాలుక చూశారు, కళ్లు చూశారు, గుండెకి గొట్టం పెట్టి చూశారు. అంత చదువుకున్నాయన కాళ్లు చూస్తారా? మనిషి కుంటుతూ లోపలికొచ్చాడు గనక, నడుం నొప్పి మూలంగా కుంటుతున్నాడని ఇంగ్లీషులో రాసి, నడుముకి ప్లాస్టరు అంటించి పంపారు. ఇంగ్లీషులో రాశాక ఇంక తిరుగేముంది!

ఇంతలో నేతగాళ్ల సొసైటీ పెద్ద జక్కయ్య ఒక కబురు మోసుకొచ్చాడు. నూలు మీద కంట్రోలున్న రోజులవి. ఆడే మగ్గానికే నూలు. పదిహేను రోజుల్లో ఇన్‌స్పెక్టరు ఇల్లిల్లూ తిరుగుతాడట, ఆగిన మగ్గం కనబడితే నూలు కార్డు కొట్టేస్తాడట. కార్డు పోతే నూలు రాదు, నూలు రాకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. నడుం పట్టినప్పట్నుంచీ మగ్గం సగం రోజులు ఆగే ఉంటోంది గనక, అప్పుడు మార్కండేయులికి మొదటిసారి భయం వేసింది. పరామర్శలకి కూడా ఒక హద్దుంటుందని తోచింది.

ఇలాంటప్పుడు మనవాళ్లకి బ్రహ్మాస్త్రం ఒకటుంది. తల్లి కడుపులోంచి ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుం మీద తన్నితే ఎంతటి పట్టయినా వదిలిపోతుంది. బెజవాడ వన్ టౌన్‌లో బట్టల షావుకారు వీరభద్రయ్యగారు అలా పుట్టినవారే. పాపం, పెద్ద మనసు చేసుకుని గుర్రబ్బండి మీద దయచేశారు. షావుకార్లు నేతగాడి కడుపు మీద కొట్టడం లోకంలో ఉన్నదే గాని, శ్రమపడి ఊరొచ్చి నడుం మీద తన్నడం ఎక్కడన్నా విన్నారా? మూడు తన్నులు తన్నారు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అప్పటిదాకా ఒరిగి కూర్చోగలిగిన మార్కండేయులు అసలు కూర్చోలేకపోయాడు.

నిజానికి ఎదురుకాళ్ల మనిషి ఇంట్లోనే ఉంది. పున్నమ్మా అలా పుట్టినదే. కానీ పెళ్లాం కాలు మొగుడికి తగలడమే! ఏడు జన్మల పాపమని వీధంతా చెవులు మూసుకుంది. పున్నమ్మ ఆ ఊసే ఎత్తలేదు. ఆవిడ చూపంతా ఆ కుడికాలి మీదే ఉంది.

తన్నులు తిన్న మర్నాడు మధ్యాహ్నం ఆవిడ భర్త పాదాన్ని ఉప్పు వేసిన వేన్నీళ్లలో గంటసేపు నాననిచ్చింది. లేచి పారిపోయే ఓపిక లేదు గనక, "కానీ, నీ ఇష్టం" అన్నాడతను. పున్నమ్మ ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని పిన్నీసుతో ఆనె తవ్వింది. లోపల ఎప్పుడో విరిగి ఉండిపోయిన తుమ్మముల్లు ముక్క! అది తీసి, ఆముదం రాసి గుడ్డ కట్టింది.

నాలుగు రోజులకి కాలు నేలమీద తిన్నగా ఆనింది. వారానికి చెక్కలు రెండూ సమంగా తొక్కాడు. ఒరగడం మానేసరికి నడుమూ మెల్లగా దారికొచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చిననాడు మగ్గం టకటకలాడుతోంది. కార్డు నిలిచింది. ఇన్‌స్పెక్టరు వీధి మలుపు తిరిగేదాకా పున్నమ్మ దేవుడి పటం ముందునుంచి లేవలేదు.

ఆ సాయంత్రం అరుగు నిండా జనం. ఇంత మొండి నొప్పి ఎలా పోయిందని జక్కయ్య అడిగాడు.

మార్కండేయులు ఇరకాటంలో పడ్డాడు. నిజం చెప్పాలంటే, ఏడాది కిందట పెళ్లాం చెప్పిన మాట అక్షరాలా నిజమని, తాను విననందుకే ఇన్నాళ్లూ పడ్డానని ఒప్పుకోవాలి. పదిమందిలో అంత మాట అనగలడా? మగపుటక పుట్టాక కొంత పరువుండొద్దూ? అతను గొంతు సవరించుకున్నాడు.

"మా పున్నమ్మ తన్నింది" అన్నాడు.

ఏడు జన్మల పాపం ఊసు ఒక్కరూ ఎత్తలేదు. పైపెచ్చు అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. అంతేలే, ఎదురుకాళ్ల మహిమ ఊరికే పోతుందా అన్నారు.

లోపల నూలు కండెలు చుడుతున్న పున్నమ్మ ఆ మాట విని లేచింది. భుజం నిండా కొంగు కప్పుకుని, గడప దగ్గర నిలబడి, జక్కయ్యతో ఎంతో వినయంగా చెప్పింది.

"నేనింకా తన్నలేదు బాబాయిగారూ. కానీ పదిమందిలో ఆయన మాట అబద్ధం కాకూడదు గదా. కాస్త బోర్లా పడుకోమనండి."