మూగబోయిన కీబోర్డుకు జేజేలు

మీ కంప్యూటర్ కీబోర్డు ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేసిందా? అయితే మీ పంట పండింది! దిగులు పడకండి. మెకానిక్‌కి ఫోన్ చెయ్యకండి. పాపం, ఆ నోరులేని వస్తువుని బోర్లించి వీపు మీద చరచకండి. ముందు ఇంట్లోవాళ్లందరినీ పిలిచి ఈ శుభవార్త చెప్పండి.

నేను వేళాకోళానికి అనడం లేదు. వారం వారం ఈ పేజీలో ఇంత గంభీరంగా మాట్లాడే మనిషిని, ఒక కీబోర్డు గురించి అబద్ధమాడి ఏం బావుకుంటాను? కీబోర్డు వల్ల మానవజాతికి జరిగిన మేలు ఎంతో నాకు తెలియదు గానీ, అది చెడిపోవడం వల్ల జరిగే మేలు మాత్రం ఇంతా అంతా కాదు.

మీరే ఆలోచించండి. ఆఫీసులో ఎవరో ఎవరికో ‘థాంక్యూ’ అని మెయిలు పెడతారు. దానికి అందరూ ‘థాంక్యూ’ అని జవాబిస్తారు. కీబోర్డు పోయిన రోజున మీకా బెడద ఉండదు. పాస్‌వర్డ్ మరిచిపోతానన్న భయం ఉండదు. గుర్తుంటే మాత్రం ఏం చేసుకుంటారు? మీరు యంత్రం కాదు, మనిషే అని నిరూపించుకోమని ఓ యంత్రం మిమ్మల్ని నిలదియ్యదు. ఇంతటి మనశ్శాంతి అడవులకు వెళ్లి తపస్సు చేసినా దొరుకుతుందా?

మా పక్కింటి రిటైర్డు లెక్కల మాస్టారు కొన్న ప్రతి వస్తువు మీదా ఇంటర్నెట్‌లో సమీక్ష రాస్తారు. ఆ మధ్య ఒక చీపురుకు రెండు నక్షత్రాలే ఇచ్చి, ఎందుకు ఇచ్చారో పేజీలకు పేజీలు రాశారు. ఆయన కీబోర్డు పోయిన వారం మా వీధి దుకాణాల వాళ్లు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయారు. మాస్టారి భార్య అయితే, మా ఆయన గొంతు ఎలా ఉంటుందో చాన్నాళ్లకి విన్నాను వదినా, అని మా ఆవిడ దగ్గర మురిసిపోయింది. మర్నాటికల్లా ఆ మురిపెం కాస్త తగ్గిందనుకోండి, అది వేరే సంగతి.

వీధి చివర ఇంకో పెద్దమనిషి నవల రాస్తున్నారు. అందులో కథానాయకుడు మొదటి అధ్యాయంలో కిటికీ దగ్గర నిలబడ్డాడు, ఇరవయ్యో అధ్యాయం దాకా కదల్లేదు. సరిగ్గా అక్కడ కీబోర్డు ఆగిపోయింది. సాహిత్యానికి ఇంతకంటే సేవ ఎవరు చెయ్యగలరు?

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం ఏమిటో తెలియాలంటే మా బావమరిది కథ వినాలి.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, తాళాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. తాళం తెరుచుకోవడం లేదనీ, తెరుచుకున్నది మళ్లీ పడటం లేదనీ జనం పంపే ఫిర్యాదులకు జవాబివ్వడం అతని పని. ‘మీ ఫిర్యాదు అందినది, పరిశీలనలో ఉన్నది’ అని రోజంతా టైపు చేస్తూ ఉంటాడు. సొంత ఇంటి బయట వానలో నిలబడ్డవాడికి కూడా అదే జవాబు. మనిషి వెన్నపూస, ఉద్యోగమే అలాంటిది.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. నోటిమాట చెల్లదు. ఏది కావాలన్నా కంప్యూటర్‌లో రాసి పంపాలి. కుర్చీ కాలు విరిగితే, కిందపడ్డవాడు లేచి, నిలబడి, రాసి పంపాలి. అలా పంపినవన్నీ వెళ్లి మేనేజరమ్మ దగ్గర చేరతాయి. ఆవిడ వాటిని చదవదు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ కూడా తన పైవాళ్లకు రాసి పంపాలి కదా, చదవడానికి తీరికెక్కడిది? ఎవరైనా ఎదురుపడి అడిగితే మాత్రం చిరునవ్వుతో “చూద్దాం” అంటుంది. ఆ మాట తర్వాత ఆవిడ ఏదైనా చూడగా చూసినవాళ్లు లేరు.

ఇలాంటి ఆఫీసులో మా బావమరిదికి ఒక పూట సెలవు కావలసి వచ్చింది. అతని కూతురు స్కూలు నాటకంలో మేఘం వేషం వేస్తోంది. కిందటేడు ఆ పిల్ల బండరాయి, అంతకుముందు చెట్టు. ఆ రెండు నాటకాలకూ తండ్రి వెళ్లలేకపోయాడు. రాయికీ చెట్టుకీ మాటలుండవు కదా, పోనీలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఈసారి అలా కుదరదు, మేఘానికి ఒక డైలాగుంది. ‘నేనొచ్చేశాను, ఇక అందరూ తడవండి.’ పళ్లు తోముకుంటూ అదే మాట, అన్నం తింటూ అదే మాట, నిద్రలో కూడా అదే మాట.

“నాన్నా, ఈసారి కూడా నువ్వు రాకపోతే నేను స్టేజీ ఎక్కను,” అని ఆ పిల్ల ముందే చెప్పేసింది. అన్నంతపనీ చేసే రకం. వాళ్లమ్మ పోలిక అంటాడు మా బావమరిది. మేనత్త పోలిక అని నేను అనుకుంటాను గానీ పైకి అనను.

అతను సెలవుకు దరఖాస్తు పెట్టాడు. ‘పరిశీలనలో ఉన్నది’ అంది కంప్యూటరు. మేనేజరమ్మ గది ముందు నిలబడి అడిగాడు. “చూద్దాం” అంది ఆవిడ. మళ్లీ పెట్టాడు, మళ్లీ అడిగాడు. నాటకం మర్నాడు అనగా కూడా ఆ దరఖాస్తు పరిశీలనలోనే ఉంది.

ఆ రోజే ఆఫీసు శుభ్రం చెయ్యాలని ఆర్డరు వచ్చింది. పై ఆఫీసు నుంచి పెద్దలు తనిఖీకి వస్తున్నారట. మేనేజరమ్మ మనసు కాస్త కరుగుతుందేమో అన్న ఆశతో మా బావమరిది ముందుకు దూకి, అందరి కీబోర్డులూ నేనే తుడుస్తానన్నాడు. అన్నీ వైర్లు లేనివే, అన్నీ ఒకే నలుపు. ఒక్కో కీబోర్డుకీ గోరంత బిళ్ల ఒకటి జోడీ ఉంటుంది. ఆ బిళ్లని ఏ కంప్యూటర్‌కి గుచ్చితే ఆ కీబోర్డు దానితోనే కాపురం చేస్తుంది. ఈ సంగతి అతనికి తెలియదు. అందరివీ ఒక్కొక్కటిగా తుడిచి ఎవరివి వాళ్లకి అప్పగించాడు. చివరికి తనదీ, మీటింగు గదిలోదీ మిగిలాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, చంటిపిల్లలకు ఒళ్లు తుడిచినట్టు తుడిచి, ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా పెట్టాడు. ఏది ఎక్కడ పెట్టాడో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. అతనికి మాత్రం కాలేదు.

తెల్లారింది. పెద్దలు వచ్చి, పల్చటి చెక్క గోడకు అవతల ఉన్న మీటింగు గదిలో కూర్చున్నారు. మధ్యాహ్నం నాటకం. ఆఖరిసారి దరఖాస్తు పెడదామని మా బావమరిది కీబోర్డు మీద వేలు పెట్టాడు. తెర మీద ఏమీ పడలేదు. ఇంకో మీట నొక్కాడు. ఊహూఁ. గట్టిగా నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మన ఒంటికీ, కంప్యూటర్ కీబోర్డుకీ ఒకటే పోలిక. చెడితే చాలు, చుట్టూ ఉన్నవాళ్లంతా వైద్యులైపోతారు. అకౌంట్స్ ఆయన వచ్చి దాన్ని తలకిందులు చేసి దులిపాడు. అంత తుడిచాక కూడా ఒక బిస్కెట్ ముక్క రాలింది. స్టోర్స్ ఆయన బ్యాటరీలు అయిపోయాయని తేల్చి, గోడ గడియారంలోవి పీకి వేశాడు. కీబోర్డు లేవలేదు గానీ గడియారం పడుకుంది. కంప్యూటర్‌ని ఆపి మళ్లీ పెట్టారు. పెట్టి మళ్లీ ఆపారు. క్యాషియర్ అక్కయ్య మాత్రం, దాన్ని కాసేపు ఎవరూ కదిలించకుండా వదిలెయ్యండి, అదే సర్దుకుంటుంది అంది. వాళ్లాయన విషయంలో ఆవిడ ఎప్పుడూ చేసే వైద్యం అదేనట.

చివరికి మా బావమరిది కంప్యూటర్లు బాగుచేసే విభాగానికి ఫోన్ చేశాడు.

“కీబోర్డు పనిచెయ్యట్లేదని టైపు చేసి పంపండి సార్. నోటిమాట మీద మేం రాలేం.”

“కీబోర్డే పనిచెయ్యట్లేదండీ.”

“ఆ ముక్కే రాయండి సార్.”

ఇక దిక్కుతోచక నాకు ఫోన్ చేశాడు. “బావగారూ, చచ్చిపోయింది,” అన్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కీబోర్డని తెలిశాక కుదుటపడ్డాను.

కీబోర్డు గురించి నాకు తెలిసింది సున్నా. అయినా నలుగురికీ సలహాలిచ్చే వృత్తిలో ఉన్నవాడిని, తెలియదని ఎలా అంటాను? “తిమ్మిరెక్కిన కాలిని ఏం చేస్తాం? ఆగకుండా కదిలిస్తాం. నువ్వు కూడా ఆగకుండా టైపు చేస్తూనే ఉండు. ఎక్కడో ఒకచోట చలనం వస్తుంది,” అన్నాను.

“ఏం టైపు చెయ్యమంటారు?”

“ఏదైనా చెయ్యి. ఎలాగూ పడదుగా. మనసులో ఉన్నదంతా కొట్టెయ్యి.”

అతను కొట్టేశాడు.

అదే సమయానికి గోడ అవతల మేనేజరమ్మ పెద్ద తెర మీద ఒక పేజీ చూపిస్తోంది. ‘మన కార్యాలయంలో సిబ్బంది తమ మాటను స్వేచ్ఛగా చెప్పుకోగలరు’ అని దాని శీర్షిక. అందులో ఏదో అంకె తప్పుపడితే సరిచేద్దామని మౌస్‌తో నొక్కింది. అక్షరాలు పడే చోటు చూపించే నిలువు గీత అక్కడే మినుకుమినుకుమంటూ నిలబడింది. ఉన్నట్టుండి దాని వెనక నుంచి అక్షరాలు చీమల బారులా బయల్దేరాయి.

‘మేడమ్ గారికి. ఇవాళ మధ్యాహ్నం మా అమ్మాయి మేఘం వేస్తోంది. రాయి వేసినప్పుడు నేను లేను, చెట్టు వేసినప్పుడు లేను. అడిగినప్పుడల్లా చూద్దాం అంటారు. ఏం చూస్తారు మేడమ్? ఎప్పుడు చూస్తారు? మీ చూద్దాం అనే మాటని కరగబోసి తాళం చేయించండి. ఎంతటి దొంగ అయినా తియ్యలేడు. మన కంపెనీకి ఫిర్యాదులే రావు.’

పై ఆఫీసు నుంచి వచ్చిన తెల్లమీసాల పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు ప్రతి అక్షరం పైకి చదివాడు. మేనేజరమ్మ కంగారుగా పేజీ మార్చింది. ఏం నొక్కిందో ఏమో, అక్షరాలు ఆ పేజీలోకీ వచ్చాయి.

“ఈయన నిజంగా మీ ఉద్యోగేనా?” అని అడిగాడు పెద్దాయన.

“అవునండీ. స్వేచ్ఛగా చెప్పుకుంటారని అన్నాను కదండీ. ఇది దానికి… ఉదాహరణ.”

“బాగుంది. మరి సెలవిచ్చారా?”

“ఇచ్చేశామండీ.”

సరిగ్గా ఆ క్షణాన తెర మీద ఇంకో వాక్యం పడింది. ‘ఇంతవరకూ ఇవ్వలేదు. ఇవ్వరని నాకు తెలుసు.’

మా బావమరిది ఇదేమీ ఎరగడు. ఖాళీ తెర ముందు కూర్చుని, ఇన్నేళ్ల కడుపుమంటని వేళ్ల కొసలకు తెచ్చుకుని వాయిస్తున్నాడు. జన్మలో అంత హాయిగా ఎప్పుడూ లేదట. అంతలో మేనేజరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

“ఆపండి,” అంది నెమ్మదిగా.

“కీబోర్డు పనిచెయ్యడం లేదు మేడమ్.”

“పనిచేస్తోంది. చాలా బాగా పనిచేస్తోంది. మీరు వెంటనే స్కూలుకి వెళ్లండి.”

“దరఖాస్తు రాసిచ్చి…”

“ఏమీ రాయొద్దు. మీకు దణ్ణం పెడతాను, ఇంకేమీ రాయొద్దు.”

ఆ మధ్యాహ్నం నేనూ ఆ హాల్లోనే ఉన్నాను. ఒంటినిండా దూది అంటించుకుని మేఘం స్టేజీ మీదికి వచ్చింది. ముందు వరసలో తండ్రిని చూసింది. అంతే, ఉన్న ఒక్క డైలాగూ మరిచిపోయి పళ్లన్నీ బయటపెట్టి నిలబడిపోయింది. తెర వెనక టీచరు అందిస్తోంది, వినిపించుకుంటే కదా! చివరికి గొంతు సవరించుకుని, “మా నాన్నొచ్చేశాడు, ఇక అందరూ తడవండి,” అని అరిచింది. హాలంతా ఘొల్లుమంది. మా బావమరిది మాత్రం ఏడ్చాడు. నేను ఏడవలేదని చెప్పను.

అయ్యలారా, అమ్మలారా, ఇప్పుడు చెప్పండి. చెడిపోయిన కీబోర్డు వరమా, కాదా?

తర్వాతి కథ కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కంప్యూటర్ విభాగం వాళ్లు తీరిగ్గా వచ్చి కీబోర్డులు సరిచేశారు. మళ్లీ ఇలా జరగకుండా ప్రతిదాని వెనకా ఒక చీటీ అంటించారు. ఇప్పుడు మా బావమరిది కీబోర్డు అద్భుతంగా పనిచేస్తోంది. ఒక్క అక్షరం కూడా దారి తప్పకుండా చేరవలసిన చోటికే చేరుతోంది. కిందటి వారం ఆ పిల్లకు పన్ను పీకించాలని ఒక పూట సెలవు అడిగాడు. పరిశీలనలో ఉందట. పన్ను తనంతట తనే ఊడింది, దరఖాస్తు మాత్రం ఇంకా పరిశీలనలోనే ఉంది.

కాబట్టి మీతో నాకో చిన్న పని పడింది. కీబోర్డుని బాగుచేసే చిట్కాలు ఇంటర్నెట్‌లో కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. బాగున్నదాన్ని ఇంత సవ్యంగా పాడుచెయ్యడం ఎలాగో ఎక్కడా లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి నాకు రాసి మాత్రం పంపకండి. మా ఇంటికొచ్చి నోటితో చెప్పండి. కూర్చోబెట్టి వింటాను.