వస్తాదు పిరికితనం వర్ధిల్లాలి!

ఉరుముకు వణికే కుక్క ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉండి తీరాలి! లేనివాళ్లు వెంటనే తెచ్చుకోండి. ధైర్యంగల కుక్క దొంగల్ని తరుముతుందేమో గానీ, ఇంట్లోవాళ్లను బాగుచేయగలదా?

మా కుక్కను వస్తాదు అంటాం. దూడంత ఉంటుంది. మబ్బు పడితే చాలు, బీరువాలో దూరి మా అబ్బాయి చొక్కాలు తడిపేస్తుంది. ఓ గాలివానకి తలుపు గీకి గీకి గోళ్లు ఊడగొట్టుకుంటే, కుక్కల డాక్టరమ్మకు చూపించాం.

ఎంత వైద్యమనుకున్నారు! ఒంటికి బిగుతు కోటు. కిటికీలకు దళసరి పరదాలు. ఫోన్‌లో ఉరుముల రికార్డింగ్ సన్నగా పెట్టి మాంసం ముక్కలు తినిపించడం, రోజూ కాస్త సౌండ్ పెంచడం. నా రెండు కాన్పులకూ కలిపి ఇంత హడావిడి జరగలేదు!

అసలు మందు చీటీ అడుగున ఉంది. మనవలు పుట్టాక చదువు నేర్చినదాన్ని, ఒక్క అక్షరం వదలను. పైకే చదివాను: ‘ఇంట్లో ఎవరూ గొంతు పెంచరాదు.’

మా అబ్బాయి గొంతు మీకు తెలియదు. కూరలో ఉప్పు తగ్గిందంటే వీధి చివర దర్జీ మిషన్ ఆపి వింటాడు. అలాంటివాడు, "ఏమే, నా తాళాలెక్కడ తగలేశావ్?" అని గుసగుసగా తిట్టడం మొదలుపెట్టాడు! ఓసారి మా కోడలు కిసుక్కున నవ్వేసింది. పదకొండేళ్లలో ఆ నవ్వు వినడం అదే మొదలు.

అంతా బాగుందనుకుంటుండగా పెద్ద ఉరుముల వాన. వస్తాదు గురకపెట్టి నిద్రపోయింది!

"అమ్మా, దీనికి నయమైపోయింది! ఇక మనుషుల్లా మాట్లాడుకోవచ్చు!" అన్నాడు మా అబ్బాయి, పాత గొంతుతో. వంటింట్లో గిన్నె జారిపడింది.

"ఒరేయ్, ఆ మాట అనాల్సింది డాక్టరమ్మ. నువ్వు కాదు" అన్నాను.

వాడు వింటేగా! ఆ వారమంతా దర్జీకి మళ్లీ పని సాగలేదు. నేను మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టు, ఏ రోజు ఎలా ఉందో నోట్‌బుక్‌లో రాసి, మా అబ్బాయిని వెంటబెట్టుకుని పట్టుకెళ్లాను.

ఆవిడ చదివి తల పట్టుకుంది. "బామ్మగారూ, ఇది ముదిరిందండీ! చెప్పుల చప్పుడుకే వణకడమా? రెండు పూటలు ముద్ద ముట్టలేదా?" మా అబ్బాయి వైపు తిరిగింది. "మందులక్కర్లేదు సార్. జన్మలో మళ్లీ అరవకండి, చాలు."

తల వంచుకుని "సరేనండీ" అన్నాడు. అదీ గుసగుసగానే!

నోట్‌బుక్‌లో ఒక్క అబద్ధం లేదు. వణికింది నిజం, తిననిదీ నిజం. కాకపోతే అవన్నీ మా కోడలివి. కోడలి పేరు రాస్తే, వాణ్ని నోరు మూసుకోమని ఏ డాక్టరు చీటీ రాసిస్తారు చెప్పండి?