సైదులు దీక్ష విరమించిన వైనం

పన్నెండేళ్ల మా అబ్బాయి సైదులు ఆరోగ్యం విషయంలో మన్సూరాబాద్‌లోని మా వీధి అంతా ఏకాభిప్రాయంతో ఉందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ప్రత్యేక రాష్ట్రం రావాలని మా అత్త అండాలమ్మ, రాకూడదని పక్కింటి హనుమాయమ్మగారు గోడకు చెరోవైపు నిలబడి వాదించుకునే రోజుల్లో కూడా, వాడి బుగ్గల దగ్గరికొచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే మాట: పిల్లాడు ముద్దుగా ఉన్నాడు.

సకల జనుల సమ్మెలో బళ్లు మూతపడ్డాయి. వాడి నోరు మాత్రం సమ్మెలో చేరలేదు. ఇవతల అత్త సర్వపిండి పెట్టేది, అవతల నుంచి హనుమాయమ్మగారు పూతరేకులు అందించేవారు. ఇంతలో వాడి మెడ వెనక నల్లటి చార కనబడింది. మురికనుకొని నేను శనగపిండితో, అత్త కొబ్బరిపీచుతో, హనుమాయమ్మగారు నిమ్మచెక్కతో వంతులవారీగా రుద్దాం. పిల్లాడు ఏడ్చాడు గానీ నలుపు పోలేదు. ఇది కచ్చితంగా కేన్సరేనని తేల్చుకొని దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

ఆమె టేపుతో వాడి నడుము కొలిచి, బీపీ చూసింది. "రుద్దకండమ్మా, ఇది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు. నడుము, బీపీ రెండూ ఎక్కువే. రక్తంలో కొవ్వులు, చక్కెర కూడా చూడాలి. వాటిలో ఇంకొక్కటి హద్దు తప్పినా మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం, ముందుముందు షుగరుకీ గుండెజబ్బుకీ అదే దారి. రేపు పరగడుపున తీసుకురండి. మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టొద్దు."

మర్నాడు బస్సుల్లేవు, నడిచి బయలుదేరాం. ఎల్బీనగర్ చౌరస్తాలో నిరాహార దీక్షా శిబిరం ముందుకు రాగానే సైదులు కూలబడ్డాడు.

"ఏమైంది చెల్లె, పిల్లగానికి?" అన్నాడు శిబిరం పెద్ద జంగయ్య.

"రాత్రి సంది ఏం తినలే అన్నా..."

రక్తపరీక్ష సంగతి నేను చెప్పేలోపే ఆయన మైకందుకున్నాడు. "అన్నలారా, అక్కలారా! రాత్రి సంది పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టని గీ పసిబిడ్డను జూడుండ్రి! ఎట్ల సిక్కి సగమైండో జూడుండ్రి!"

అందరూ చూశారు. కుర్చీ పట్టక బెంచీమీద కూర్చోబెట్టిన మా వాడిని కళ్లారా చూసి అయ్యో అన్నారు. ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. వాడి మెడలో దండ పడింది. నల్లచారను కప్పగలిగిన వైద్యం అదొక్కటే.

దీక్షలో ఉన్నవారికి పెద్దలు నిమ్మరసం తాగించి విరమింపజేయడం ఆనవాయితీ.

"వద్దన్నా! రక్తం తియ్యాలె!" అని మొత్తుకున్నాను.

"రక్తం మా అసుంటోళ్లం ఇస్తం చెల్లె, పరేషాన్ గాకు," అని జంగయ్య గ్లాసు ఎత్తాడు. చక్కెర దండిగా వేసిన రసం. చప్పట్ల మధ్య సైదులు దీక్ష విరమించి, ఉద్యమస్ఫూర్తితో ఇంకో గ్లాసు అడిగాడు. పరీక్ష వాయిదా పడింది.

పేపర్లో ఫొటో వచ్చింది. బస్సులు నడవకపోయినా నల్గొండ నుంచి చుట్టాలు అరిసెల డబ్బాలతో దిగారు. "మీ ఉద్యమాలకి పసివాణ్ణి మాడుస్తారటండీ?" అని హనుమాయమ్మగారు అత్తను దులిపేసి, గిన్నెడు జున్ను వాడి ముందు పెట్టారు.

చివరికి వాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి, తెల్లారగానే తీసుకెళ్లి రక్తం ఇప్పించాను. కొవ్వూ హద్దు తప్పింది, చక్కెరా తప్పింది. "తొందరగా పట్టుకున్నాం, భయపడకండి. తిండి మార్చి, రోజూ ఆడిస్తే దారికొస్తుంది," అంది డాక్టరమ్మ. భయపడకండి అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

"పిల్లలకు గా రోగాలేందే? దిష్టి తాకింది," అంది అత్త. "అంతేనండీ, డాక్టర్లు అలాగే అంటారు," అన్నారు హనుమాయమ్మగారు. ఉభయ ప్రాంతాలూ కలిసి చేసిన తీర్మానం నాకు తెలిసి అదొక్కటే.

ఇంత చదివాక మీకూ సైదులును చూసిపోవాలని ఉంటుంది. తప్పక రండి, ఒట్టి చేతులతో రండి. పిల్లలున్న ఇంటికి ఒట్టి చేతులతో ఎలా వెళ్తామని అప్పుడే అనుకున్నారు కదూ?